ఒడిలోకి చేరే కలుపు

కార్తీకం దాటాక జహీరాబాద్ వైపు శనగ చేలల్లో కలుపు తీసేవాళ్ళను కాసేపు చూడండి. పీకిన మొక్కల్లో చాలావరకు గట్టు మీదికి పోతాయి. కొన్ని మాత్రం కొంగుతో కట్టిన ఒడిలోకి చేరతాయి. ఆ ఒడిలో నేను ముందు వెతికేది పప్పుకూర. చక్రవర్తి కూర అని కూడా అంటారు, ఉత్తరాదిన బథువా. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలా విత్తకుండా మొలిచే ఆకుకూరల విలువ గురించి ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాయి. విన్నది ఎందరో!

ఆకు అంచులు పళ్ళుపళ్ళుగా, కాస్త బాతు పాదంలా ఉంటాయి. లేత చిగుళ్ళ మీదా, ఆకు అడుగునా పిండి చల్లినట్టు తెల్లటి పొడి. పురుగుమందేమోనని పట్నంవాళ్ళు జంకుతారు గానీ అది మొక్క సొంతం. పూత రాకముందే తుంచాలి. రెండు మూడు నీళ్ళలో కడిగి పెసరపప్పుతో ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే చాలు. నన్నడిగితే పాలకూర దీని ముందు చప్పగా ఉంటుంది.

పాలకూర, బీట్‌రూట్ దీని చుట్టాలే. పోయిన శతాబ్దం చివర్లో వృక్షశాస్త్రజ్ఞులు ఇవన్నీ ఉన్న కుటుంబాన్ని మొత్తంగా తోటకూర కుటుంబంలో కలిపేశారు. మన వంటింట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. ఇక క్వినోవా అయితే పప్పుకూరకు మరీ దగ్గరిది, ఒకే ప్రజాతి. ఆండీస్ కొండల పంట. 2013ను ఐక్యరాజ్యసమితి క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. దాన్ని సూపర్‌మార్కెట్లో అంత ధర పెట్టి కొంటాం, దాని దాయాదిని మాత్రం కలుపుమందు కొట్టి చంపుతాం.

మన తీరంలో పప్పుకూరకు ఇంకో బంధువు ఉంది: ఇలకూర. ఉప్పునేలల్లో, సముద్రపు పాయల పక్కన సన్నటి, కండగల ఆకులతో పెరుగుతుంది. మొక్కలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఉడికించి నీళ్ళు వంపేస్తారు, ఉప్పు చూసి వేస్తారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ దీని సంగతి ‘ఫ్లోరా ఇండికా’లో రాశాడు. 1791లో మొదలైన కరువులో ఈ ఆకే వేలమంది ప్రాణాలు నిలిపిందని స్థానికులు చెప్పారట. అది దొరికినన్నాళ్ళూ సముద్రం పక్కన ఉండే పేదలకు తినడానికి అంతకుమించి పెద్దగా ఏమీ లేదట. సర్కారు జిల్లాల కరువు కథల్లో కుంపిణీ దొరల పేర్లు వినిపిస్తాయి గానీ ఇలకూర పేరు వినిపించదు. నా దృష్టిలో ఆ కథలో పెద్దపీట దీనికే వేయాలి.

పొగడ్త సరే, జాగ్రత్తలూ ఉన్నాయి. ఈ జాతి ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు తగ్గించుకోవాలి. యూరియా దండిగా పడిన చేలో ఆకు నైట్రేట్లను పట్టి ఉంచుతుంది. కలుపుమందు కొట్టిన చేను జోలికి అసలు పోవద్దు. ఆనవాలు తెలియకపోతే తెలిసినవాళ్ళకు చూపించాకే తుంచాలి.

ఈ చలికాలం మీ సంతలో ఆకుకూరలమ్మే ఆవిడను పప్పుకూర తెమ్మని అడగండి. అడిగేవాళ్ళుంటేనే అది గంపలోకి ఎక్కుతుంది.