నీళ్లు ముందు, ఊరు తర్వాత

పోయిన నెల ఒక శనివారం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. గౌరిబిదనూరు దగ్గరి మా హొసూరులో కరెంటు పోయింది, సన్నగా వాన. గేటు చప్పుడైతే టార్చి వేసి చూశా. ఇరవై ఏళ్ల కుర్రాడు. భుజాన నీలం సంచి, చేతిలో చార్జింగ్ అయిపోయిన ఫోను. అక్కడే ఫ్యాక్టరీలో పని, హిందీ తప్ప మరో మాట రాదు. ఎక్కడో దిగబోయి ఇక్కడ దిగాడు. నీళ్లడిగాడు.

నేను గ్రిల్లు తలుపు తియ్యకుండానే "ఆధార్ హై?" అన్నా.

వాడు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి కార్డు తీసి, తడవకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టి, కమ్మీల దగ్గర పట్టుకున్నాడు. బీహారు. ఫొటోనూ మొహాన్నీ సరిచూసుకున్నా. అప్పుడు గ్లాసు తెచ్చి కమ్మీల సందులోంచి అందించా. బస్సులు ఆగే చోటు ఎటో చెప్పా. తాగి, గ్లాసు తిరిగిచ్చి వెళ్లిపోయాడు. నేను గడియ మళ్లీ ఒకసారి లాగి చూసుకుని పడుకున్నా. మర్నాడు ఆరాధనలో వాక్యం చదివే వంతు నాది. ఏ భాగం వచ్చిందో రాస్తే కల్పించాననుకుంటారు, అందుకని రాయను.

మా పాత ఇంటికి తిన్నె ఉండేది. దాని మీద మూత పెట్టిన ఇత్తడి చెంబు పొద్దస్తమానం ఉండేది. గొర్రెల కాపర్లు, సంతకు పోయేవాళ్లు, బిడ్డల కోసం నాగప్రతిష్ఠ మొక్కుకుని విదురాశ్వత్థానికి నడిచిపోయేవాళ్లు అక్కడ కూలబడేవాళ్లు. ముందు నీళ్లు, ఉంటే మజ్జిగ, ఆ పైన "యా వూరు నాయనా?" ఇదీ మా అమ్మ వరస. మేమెవరైనా తొందరపడి ఊరూ పేరూ అడగబోతే, "నీళ్లు తాగనీరా, మాట యాడికి పోతుంది" అని కసిరేది.

ఆ చెంబు తాకని వాళ్లూ ఉండేవాళ్లు. మా ఇల్లు ఎవరిదో తెలిసినవాళ్లు. పెదాలు ఎండిపోయి కూడా "దప్పిక లేదులేమ్మా" అని నడిచేవాళ్లు. అమ్మ ఏమీ అనేది కాదు. చెంబు మాత్రం లోపల పెట్టలేదు.

మా సీమలో ప్రశ్నలకో క్రమం ఉంది. యా వూరు? ఎవురోళ్లు? మూడోది పైకి అడగరు. ఏ గ్లాసులో నీళ్లివ్వాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చేది అదే. నా ఆధార్ ప్రశ్న ఈ మూడింటికీ కొత్త చుట్టం.

ఆదికాండంలో అబ్రాహాము ఎండవేళ గుడారం వాకిట కూర్చుని ఉంటాడు. ముగ్గురు కనబడతారు. ముసలాయన లేచి పరుగెత్తుతాడు. కాళ్లు కడుక్కోండి, కాస్త రొట్టె తిని పొండి అంటాడు. అన్నది కాస్త రొట్టె. లోపలికెళ్లి శారాకు చెప్పింది మూడు మానికల పిండి కలపమని. ఆ పైన లేతదూడ, వెన్న, పాలు. వాళ్లు తింటుంటే చెట్టు కింద పక్కన నిలబడతాడు. ఆ కథలో ఎక్కడా "మీరెవరు?" అన్న మాట ఆయన నోట రాదు. ఎన్నిసార్లు చదివానో, ఆ రాని మాట మొన్నటిదాకా నా కంట పడలేదు.

మన బైబిల్లో 'ఆతిథ్యం' అని చదువుకునే చోట గ్రీకులో ఉన్న మాట ఫిలోక్సెనియా. కొత్తవాడి మీద ప్రేమ అని అర్థం. మన వాడుకలో ఆతిథ్యమంటే పండక్కి వచ్చిన చుట్టాలకు పితికిన పప్పు సారు, ముద్ద పెట్టడం. ముఖం తెలియనివాడికి ఇంకో మాట ఉంది, పరదేశి. బైబిల్లో అది గౌరవంగానే వస్తుంది, ఊళ్లో మాత్రం దిక్కులేనివాడికి వాడతాం. ప్రేమ ఒక మాటకీ, కొత్తవాడు ఇంకో మాటకీ పోయారు.

మంచి సమరయుడి కథలో దెబ్బలు తిన్నవాడి సంగతి చూడండి. దొంగలు బట్టలు ఊడదీశారు, కొసప్రాణంతో వదిలేశారు. బట్ట లేదు కాబట్టి ఎవరివాడో తెలీదు. నోట మాట లేదు కాబట్టి యాస దొరకదు. యా వూరు, ఎవురోళ్లు అన్న రెండు ప్రశ్నలకూ దారి లేదు. యాజకుడూ లేవీయుడూ పక్కకు తప్పుకుని పోయింది అలాంటి మనిషిని దాటి. సమరయుడు గాయాలు కట్టి, పూటకూళ్లవాడి ఇంట్లో దించి, రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, చేతిలో పెట్టి, తక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానంటాడు. నాకు ఆ పూటకూళ్లవాడు కూడా ఇష్టం. ఎవరూ ఆయన మీద ప్రసంగం చెయ్యరు. రక్తం కారుతున్న మనిషిని గుమ్మంలో చూసి తలుపు తీశాడు కదా.

మా హొసూరు పేరు నలుగురికీ తెలిసింది హెచ్. నరసింహయ్యగారి వల్ల. 1920లో ఇక్కడ పేదింట్లో పుట్టి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరై, 1976లో మహిమల మీద విచారణకు కమిటీ వేసిన హేతువాది. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు పెట్టించాడు. అడగందే ఏదీ నమ్మొద్దని పిల్లలకు నూరిపోశాడు. ఆ ఊరివాడినే నేను, ప్రశ్న విలువ తెలుసు. గాల్లోంచి విబూది తీసేవాడిని అడగాల్సిన ప్రశ్న దప్పికతో వచ్చినవాడిని అడిగానని ఇప్పుడు బాధ.

"అర్ధరాత్రి తలుపు తీస్తావా, పేపరు చదవడం లేదా?" అంటుంది మా ఆవిడ. ఆ భయం అబద్ధం కాదు. మా అమ్మకూ ఉండేది, రాత్రి గడియ వేసేది. కానీ తిన్నె ఉండేది. తిన్నె ఇల్లూ కాదు, వీధీ కాదు. పైన చూరు, వెనక గోడ, పక్కన చెంబు. లోపలివాళ్లు భయపడకుండా, బయటివాడు తడవకుండా సరిపోయేది. కొత్త ఇల్లు కట్టినప్పుడు కారు పట్టాలని దాన్ని కొట్టించింది నేనే.

భయం ఉన్నా మనిషిని దగ్గరికి రానిచ్చిన చోటు ఇంకొకటి నాకు తెలుసు. చింతామణి దాటి తూర్పుకు పోతే మదనపల్లె, ఆ పక్కన ఆరోగ్యవరం. పలు మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ శానటోరియం. డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధికారి, ఆయన తర్వాత డాక్టర్ పి.వి. బెంజమిన్. మా తాత తమ్ముడు స్ట్రెప్టోమైసిన్ ఊళ్లలోకి రాకముందే అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. అంతకు ముందు సొంత ఇంట్లో, పశువుల కొట్టం వెనక పాక. కూడు తెచ్చినవాళ్లు దూరంగా పెట్టి, దగ్గు వినబడగానే వెనక్కి తిరిగేవాళ్లు. శానటోరియంలోనూ అతని కంచం వేరే, ఉమ్మి డబ్బా వేరే. కానీ ఎడం వేరు, వెలి వేరు. అక్కడ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లట. తిరిగొచ్చాక ఆయన పదే పదే చెప్పింది మందుల గురించి కాదు, ఆ కుర్చీ గురించి.

అయితే మిషను ఆసుపత్రుల్లో మందు కంటే ముందు ప్రార్థన వినాల్సిన రోజులూ ఉన్నాయి. అన్నం పెట్టి మతం అడిగితే అది బేరమే, నా మతమైనా సరే. అబ్రాహాము ఆ ముగ్గురినీ ఏమీ నమ్మమనలేదు.

కొట్టించిన తిన్నెకు బదులు గేటు బయట గోడకు ఆనించి చిన్న గట్టు కట్టించా, పైన రేకు. మా ఆవిడ ఒప్పుకుంది, నేను మాత్రం గేటు లోపలే ఉండాలన్నది షరతు. పాత ఇత్తడి చెంబు తోమి పెట్టా. పది రోజులకు పోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ జగ్గు పెట్టాను, గొలుసు కూడా వేశా.