ఫలక్‌నుమా ప్యాలెస్: ఒక విమర్శనాత్మక పరిశీలన

హైదరాబాదు రాజ్యంలో నిజాం తరవాత అంతటి హోదా పైగా ప్రభువులది. ఆ వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో చార్మినార్‌కు దక్షిణాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్టపై ఫలక్‌నుమా నిర్మాణాన్ని ప్రారంభించాడు. ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సోదరికి భర్త. తరవాతి కాలంలో రాజ్యానికి ప్రధానమంత్రి. భవనానికి రూపకల్పన చేసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడు.

ఈ భవనాన్ని ఐరోపా సౌధానికి నకలు అనడం పరిపాటి. ముందుభాగం మాత్రమే చూస్తే అది నిజమే అనిపిస్తుంది. స్తంభాల వరస, ఇటలీ పాలరాయి, 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల ఆ అభిప్రాయాన్నే బలపరుస్తాయి. కానీ వెనుకకు వెళ్ళి చూడండి. అక్కడ విశాలమైన ప్రాంగణం, దాని చుట్టూ జనానా ఉన్నాయి. అతిథులు ఎంతవరకు రావచ్చో, అంతఃపురం ఎక్కడ మొదలవుతుందో భవన విన్యాసమే నిర్ణయిస్తుంది. హైదరాబాదు కులీనుల దేవిడీలలోని మర్దానా, జనానా విభజన ఇదే. కాబట్టి ఫలక్‌నుమాను ఐరోపా దుస్తులు ధరించిన దేవిడీ అనడం సమంజసం. ముందుభాగం ఆంగ్లేయ అధికారంతో మాట్లాడే భాష. వెనుకభాగం ఇంటి భాష.

రెండో అంశం వ్యయం. నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. ఖర్చు నవాబు స్తోమతను మించింది. 1890ల చివరలో భవనం నిజాం పరమై, రాజ అతిథిగృహంగా మారింది. నిజాం మెచ్చుకోగా నవాబు కానుకగా ఇచ్చాడనే కథ వినసొంపుగానే ఉంటుంది. అయితే అది అప్పుల సంగతిని మరుగుపరుస్తుంది. ఆ ప్రభువుల ఆదాయానికి మూలం జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తు అనే విషయాన్ని కూడా మరుగుపరుస్తుంది. షాండ్లియర్లను లెక్కపెట్టే వర్ణనలో ఆ గ్రామాలకు చోటు లేకపోతే అది చరిత్ర కాదు, ప్రశంస మాత్రమే.

చాలాకాలం మూతపడి ఉన్న ఈ భవనం మరమ్మతుల అనంతరం 2010లో హోటల్‌గా తెరుచుకుంది. దీనివల్ల కట్టడం నిలిచింది. ఇది తక్కువ మేలు కాదు. అయితే నిజాంల చౌమహల్లా మ్యూజియంగా మారి, టికెట్టు కొన్న ప్రతివారినీ లోపలికి రానిస్తోంది. ఫలక్‌నుమా మాత్రం నేటికీ ప్రధానంగా అతిథులదే. గుట్ట కింది బస్తీలవారికి అది దూరంనుంచి కనిపించే తెల్లని గోడ. సంరక్షణ అంటే రాయిని కాపాడటమే కాదు, చూసే హక్కును పంచడం కూడా. ఆ కొలతతో చూస్తే ఫలక్‌నుమా పునరుద్ధరణ సగమే పూర్తయింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ప్రాంతంలోని ఒక గడీని గానీ, కోటను గానీ పరిశీలించి, దాని ముందుభాగం ఎవరికోసం, వెనుకభాగం ఎవరికోసం నిర్మించారో పది వాక్యాలలో రాయండి.