ఒక రోజు అటూ ఇటూ

చార్మినార్‌ను వెయ్యో హిజ్రీలో కట్టారు. 1591లో కట్టారని మనం బళ్లో చదువుకున్నాం. ఈ రెండు మాటలూ ఒకటేనా? లెక్క కట్టి చూడండి. 1000 హిజ్రీ 1591 అక్టోబరు 19న మొదలై, 1592 అక్టోబరు 7తో ముగిసింది. అందులో 1591 వాటా రెండున్నర నెలల లోపే, మిగతాదంతా 1592దే. నెల తెలియక సంవత్సరం ఒక్కటే తెలిసినప్పుడు 1591-92 అని రాయాలి. ఒక్క అంకె రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ, ఆధారంలో లేని సంగతిని మనం కల్పించినట్టవుతుంది.

పాత తేదీలు మార్చి పెట్టడం నాకు ఏళ్లుగా అంటుకున్న వ్యసనం. ఉజ్జాయింపు లెక్క ఎవరికైనా వస్తుంది. హిజ్రీ అంకెలో నూటికి మూడు చొప్పున తీసేసి, మిగిలినదానికి 622 కలపాలి. దగ్గరి సంవత్సరం దొరికిపోతుంది. నెలా తేదీ కావాలంటే మాత్రం చంద్రుడి వెంట నడవాల్సిందే.

మన పంచాంగమూ చంద్రుణ్ణే నమ్ముకుంది. కానీ సూర్యుడికి దూరమైపోతున్నామనుకున్నప్పుడల్లా ఒక అధికమాసం వేసి సర్దుకుంటుంది. అందుకే ఉగాది ఎండలు ముదిరే వేళ దాటి పోదు. హిజ్రీలో అధికమాసం లేదు. ఏడాదికి 354 రోజులు. పట్టిక ప్రకారం ముప్పై ఏళ్లలో పదకొండు ఏళ్లకు మాత్రం 355. ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో రంజాన్ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. 2000లో రంజాన్ ఈద్ రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి. 2030లో రంజాన్ నెల కూడా అలాగే రెండుసార్లు మొదలవుతుంది.

హైదరాబాద్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1020 హిజ్రీ జిల్‌ఖాదా 17న కన్నుమూశాడు. 1020 మొదలైంది 1611 మార్చిలో. జిల్‌ఖాదా పదకొండో నెల కాబట్టి లెక్క 1612 జనవరిలోకి దొర్లుతుంది. పుస్తకాల్లో కనిపించే తేదీ జనవరి 11. మన గోడ క్యాలెండర్ పద్ధతిలో లెక్క కడితే 21 వస్తుంది. రెండూ సరైనవే. మొదటిది జూలియన్, రెండోది గ్రెగోరియన్. గోవాలోని పోర్చుగీసువాళ్లు అప్పటికే కొత్త క్యాలెండర్‌కు మారారు. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లీషువాళ్లు 1752 దాకా పాతదాన్నే పట్టుకుని వేలాడారు. ఒకే రోజుకు ఈ దేశంలోనే రెండు తేదీలు నడిచాయన్నమాట.

ఈ చిక్కులన్నిటిలో నాకు చేయూతనిచ్చేది వారం. వారాల వరస ఏ క్యాలెండర్‌లోనూ తెగలేదు. శాసనంలో తేదీతో పాటు శనివారం అని చెక్కి ఉండి, నా లెక్కకు ఆదివారం వచ్చిందనుకోండి, నేను శాసనం మాటే వింటాను. ఎందుకంటే హిజ్రీలో నెలవంక కనబడితేనే నెల మొదలు. మబ్బు పట్టి ఒక ఊళ్లో కనబడకపోతే ఆ ఊరి తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది. పైగా హిజ్రీ రోజు పొద్దు గుంకగానే మొదలవుతుంది. గురువారం రాత్రి జరిగింది ఆ లెక్కలో శుక్రవారం ఖాతాలో పడుతుంది.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. ఒకసారి ఒక కుర్రాడు మడతల దగ్గర చిరిగిపోయిన ఉర్దూ కాగితం పట్టుకొచ్చాడు. “సార్, మా తాత భూమి కొన్న కాగితం. 1345 అని ఉంది. నెట్‌లో కొడితే 1926 అని వచ్చింది” అన్నాడు. పైన నెల పేరు చూశాను. బహమన్. అది హిజ్రీ నెల కాదు, నిజాం సర్కారు వాడిన ఫసలీ నెల. పంటలు చంద్రుణ్ణి చూసి పండవు కదా, అందుకే శిస్తు వసూలుకు సూర్యుణ్ణి అనుసరించే ఈ లెక్క పెట్టుకున్నారు. ఫసలీకి 590 కలపాలి. అక్టోబరులో మొదలయ్యే ఏడాది కాబట్టి 1345 అంటే 1935-36. తొమ్మిదేళ్ల తేడా! భూమి తగాదాలో తొమ్మిదేళ్లంటే మాటలా? ముహర్రం, సఫర్, రజబ్ లాంటి పేర్లుంటే హిజ్రీ. ఆజూర్, దై, బహమన్ ఉంటే ఫసలీ. అంకె చూసే ముందు నెల పేరు చదవమని అతనికి చెప్పాను.

స్వామికన్ను పిళ్లై 1922లో అచ్చు వేయించిన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ అనే పంచాంగ పట్టికల సంపుటాల్లో వేళ్లు ఆడిస్తూ తేదీలు వెతికినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు ఫోన్‌లో రెప్పపాటులో జవాబొస్తుంది. కానీ ఆ జవాబు ఏ పట్టికదో, ఏ ఊరి నెలవంకదో ఫోన్ చెప్పదు. సౌదీ లెక్కతో పనిచేసే యాప్ చూపించే తేదీ, మన దగ్గర నెలవంక చూసి చెప్పే తేదీ తరచూ ఒక రోజు తేడాతో ఉంటాయి.

‘ఒక రోజు అటూ ఇటూ కావచ్చు’ అని చెబితే అడిగినవాళ్ల ముఖం చిన్నబోతుంది. అయినా ఆ మాట మింగేయకూడదు. హెచ్.కె. షేర్వానీ కుతుబ్‌షాహీల చరిత్ర రాస్తూ హిజ్రీ తేదీ పక్కనే క్రీస్తు శకం తేదీ కూడా ఇచ్చారు. ఇంటి చరిత్ర రాసుకునేవాళ్లూ అదే చేయాలి. మార్చిన తేదీ రాసి అసలు తేదీని పారేయొద్దు. లెక్క తప్పిందని రేపు ఎవరికైనా అనుమానమొస్తే, సరిచూసుకోవడానికి వాళ్లకు అసలుది చేతిలో ఉండాలి.