అక్కర్లేని తీగ

ఇంట్లో నెట్ మాటిమాటికీ కట్ అవుతుంటే ఎవరికైనా ముందు తోచేది ఏదో ఒకటి కొనడమే. కొత్త రూటరు, మేడ మీదికో బూస్టరు. టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు ఈ ఖర్చు చాలావరకు దండగ. అక్కడ చిక్కు ఎక్కువగా లైన్‌లో దూరిన రొదతో. ఆ రొద ఎటునుంచి వస్తోందో చూసి, దాన్ని లోపలికి తెస్తున్నదేదో తీసేస్తే తప్ప పోదు.

బ్రిటన్‌లోని పాత ఇళ్లను చూస్తే సంగతి తెలుస్తుంది. టెలిఫోన్ తీగలు రెండింటినీ మెలివేసేది ఊరికే కాదు. బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది, మోడెమ్ వాటి మధ్య తేడానే చదువుతుంది, కనుక రొద చాలావరకు రద్దయిపోతుంది. ఈ ఏర్పాటును చెడగొట్టేది మూడో తీగ. వెనకటి ఫోన్లలో గంట మోగడానికి, లైన్ ఇంట్లోకి వచ్చే మాస్టర్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్లకు విడిగా లాగిన తీగ అది. కెపాసిటర్ ద్వారా జతలో ఒక్క తీగకే తగిలి ఉంటుంది. దాంతో రెంటి సమతూకం పోయి, గోడల వెంబడి పాకిన ఆ తీగ యాంటెన్నా అవతారమెత్తుతుంది. ఏడీఎస్ఎల్ అనే ఈ తీగ బ్రాడ్‌బ్యాండ్ 1.1 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది, మీడియం వేవ్ స్టేషన్లు సగం ఆ లోపలే ఉంటాయి. మన విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ కూడా అందులోదే. ఇప్పటి ఫోన్లకు ఆ తీగతో పనే లేదు. సాకెట్ కింది పలక విప్పి, మూడో నంబరు టెర్మినల్ నుంచి ఊడదీయడమే. మోడెమ్ పేజీలో నాయిస్ మార్జిన్ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 6 డెసిబెల్స్ దగ్గర పెడతారు. అది సున్నా వైపు జారితే లైన్ తెగుతుంది. దోషం ఆ తీగదే అయితే, తీశాక ఆ అంకైనా పెరుగుతుంది, అదే అంకె మీద స్పీడైనా పెరుగుతుంది.

వేల్స్‌లోని అబర్‌హోసన్ ఊరి కథ ఇంకా గట్టి సాక్ష్యం. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున ఏడింటికి ఊరందరి నెట్టూ దెబ్బతినేది. కేబుళ్లు మార్చినా గుణం కనిపించలేదు. చివరికి ఇంజినీర్లు తెల్లవారుజామున వానలో స్పెక్ట్రమ్ అనలైజర్ పట్టుకుని వీధులు తిరిగితే, సరిగ్గా ఏడింటికి ఒక ఇంట్లో పాత టీవీ ఆన్ అవడం, దాన్నుంచి రొద పుట్టడం బయటపడ్డాయి. 2020లో ఈ వార్త లోకమంతా తిరిగింది. టీవీ కట్టేశారు, ఊరు బాగుపడింది. కేబుళ్ల ఖర్చు చెప్పలేనిది గడియారం చెప్పింది: నెట్ ఏ వేళకు పోతోందో రాసి పెట్టుకోవడం ఇందుకే.

మరి ఫోన్‌నూ నెట్‌నూ విడదీసే స్ప్లిటర్ పెట్టడం కొత్త వస్తువు కలపడం కాదా అంటారు. నిజమే, అది ఉండాల్సిందే. కానీ దాని పని కూడా ఫోన్‌ను డేటా జోలికి పోనివ్వకపోవడం. రిసీవర్ ఎత్తగానే నెట్ పోతోందంటే స్ప్లిటర్ లేని పారలల్ ఫోన్ ఎక్కడో ఉండొచ్చు. ఇది బ్రిటన్‌లోనూ, మన బీఎస్ఎన్ఎల్ రాగి లైన్ మీదా ఒకటే. తప్పు కంపెనీ లైన్‌దైతే మనమేం చేస్తామన్నది ఇంకో ప్రశ్న. బ్రిటన్ మాస్టర్ సాకెట్లలో చాలావాటి లోపల టెస్ట్ సాకెట్ ఒకటి ఉంటుంది, మోడెమ్‌ను దానికి తగిలిస్తే ఇంట్లో వైరింగంతా విడిపోతుంది. అప్పుడూ తెగుతుంటే, ఇంట్లో పరికరాలేవీ రొద చేయడం లేదని చూసుకుని, కంపెనీని నిలదీయొచ్చు. ఇంటిదాకా ఫైబర్ వస్తే ఈ గొడవే ఉండదన్న మాట పూర్తిగా ఒప్పు, గాజుకు ఈ రొద అంటదు. ఆ మాటకొస్తే అలాంటి ఫైబర్ అంటే రాగిని మొత్తంగా తీసేయడమే! అది ఇంకా చేరని ఇళ్ల గురించే ఈ గోల.

ఒక జాగ్రత్త. తీగ తీశాక ఫలితం కోసం మోడెమ్‌ను పదే పదే ఆపి ఆన్ చేయకూడదు. బ్రిటన్ లైన్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ ఆపడాలను కూడా లైన్ తెగడంగా లెక్కగట్టి స్పీడు తగ్గించవచ్చు. కొన్ని రోజులు దాని మానాన దాన్ని వదిలేస్తే, లైన్ నిలకడగా ఉందని చూసుకుని ఆ సాఫ్ట్‌వేరే స్పీడును మెల్లగా పెంచుతుంది.