ప్రేక్షకుల ఊహ - కథాన్యాయము : ఒక పరిశీలనము

అద్భుతకథలలోని పాత్రలు శాపవశమున తమ పూర్వనామములను మఱచి, అమెరికాలోని మెయిన్ రాష్ట్రమందలి స్టోరీబ్రూక్ అను కల్పిత పట్టణమున సామాన్యులవలె జీవించుట ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అను టెలివిజన్ ధారావాహికకు మూలకల్పన. ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హొరోవిట్జ్ దీని నిర్మాతలు. ఏబీసీ సంస్థ దీనిని 2011 అక్టోబరు మొదలు 2018 మే వఱకు ఏడు భాగములుగా ప్రసారము చేసినది. ఆ కాలమున ప్రేక్షకులు “ఎవరు ఎవరై యుందురు?” అని చేసిన ఊహలు కాలక్షేపమాత్రములని కొందఱు తలంపవచ్చును. కాని ఈ రచన గుణదోషములకు ఆ ఊహలే గీటురాళ్లు.

ఊహించువారిలో మొదటివాడు కథలోనే కలడు. పదేండ్ల హెన్రీ, ఉపాధ్యాయిని యిచ్చిన కథల పుస్తకమును చదివి, ఆమెయే స్నోవైట్ అనియు, తన్ను పెంచిన రెజీనాయే దుష్టరాణి యనియు నిశ్చయించును. పెద్దలు దానిని బాలుని భ్రమగా నెంచిరి. కాని బాలుడే సత్యమును గ్రహించినవాడు. గ్రంథమును, లోకమును ప్రక్కప్రక్కన నుంచి చదువుటయే అతని పద్ధతి. ప్రేక్షకుడు హెన్రీకి సహపాఠి యైనాడు.

ఇందులకు చక్కని ఉదాహరణము బెయిల్‌ఫైర్ వృత్తాంతము. ఇతడు రుంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కుమారుడు. మాయలేని లోకమునకు జారి తండ్రికి దూరమైనవాడు. మొదటి భాగమున ఆగస్టు అను అపరిచితుడు పట్టణమునకు రాగా, అతడే ఆ కుమారుడని తండ్రియే భ్రమించెను. 2012లో అతడు పినోకియో యని తేలినది. అతని కాలిబాధ కొయ్యగా మాఱుటకు సూచన యని అప్పుడు బోధపడినది. ఊహ తప్పినను ప్రేక్షకునకు నష్టము లేదు. ఆధారము ముందే కన్నులయెదుట నుండెను.

రెండవ భాగమున ఆగస్టు ఒక పెట్టెను తెఱచి చూపినంతనే నీల్ అనువాడు తాను ప్రేమించిన ఎమ్మాను విడిచిపోవుటకు ఒప్పుకొనెను. పెట్టెలో నేమున్నదో ప్రేక్షకునకు చూపలేదు. నీలే బెయిల్‌ఫైర్ అను ఊహకు అచ్చట తావు కలిగినది. 2013లో అది నిజమైనది. హెన్రీ రుంపెల్‌స్టిల్ట్‌స్కిన్ మనుమడైనాడు. ఇట్టి ఊహ జోస్యము కాదు, పఠనము.

తెలుగువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న కలభాషిణియే మధురలాలసగా, మణికంధరుడే కళాపూర్ణుడుగా మరల జన్మింతురు. అచ్చటను ఒకరే మఱియొకరగుట కథకు ప్రాణము. అయితే సూరన కథను ముగించి చదువరి చేతి కిచ్చెను. ధారావాహిక ముగింపు తెలియకయే సాగును. కావున రచయితలు విధించిన నియమమును వారే పాటించుట ఇచ్చట మఱింత ఆవశ్యకము.

ఈ రచన దోష మచ్చటనే కలదు. మఱపు, శాపము మరలమరల ప్రయోగింపబడినవి. 2017లో మొదలైన ఏడవ భాగమున పెద్దవాడైన హెన్రీయే సియాటిల్‌లో తన్ను తాను మఱచెను. ఏ జ్ఞాపకమైనను ఏ క్షణమునైనను చెఱపవచ్చునన్నచో సూచనలకు విలువ తగ్గును. ఊహ కోరికగా దిగజాఱును. ప్రేక్షకుని ఊహను మించుట రచయిత హక్కు. దానిని వ్యర్థము చేయుట మాత్రము కాదు.

ఐనను తొలి భాగముల కల్పనకు చెడని బలమున్నది. పరస్థలమున చేరి, ఎవరమో మఱచిన జనమునకు ఒక బాలుడు పుస్తకము చూపి పేరు చెప్పుట సామాన్య విషయము కాదు. తరతరములుగా అన్యభాషా ప్రాంతములందు వసించు తెలుగు కుటుంబములకు దాని యర్థమును విడమర్చి చెప్ప నక్కఱ లేదు. ఇంట పుస్తక ముండుట చాలదు. అది తమ కథయే యని గుర్తించు బాలుడును ఉండవలెను.