సీరీస్ బల్బు చెప్పే నిజం

రెండు అంగళ్ళు తిరిగి, రెండుచోట్లా ‘ఇంక లేవదు’ అనిపించుకొని వచ్చిన సెట్టు అది. మరాంట్జ్ స్టీరియో రిసీవర్. వెండిరంగు ముందుపలక, డయలు వెనక నీలి వెలుగు, వేలితో తోస్తే జారిపోయే బరువైన ట్యూనింగ్ చక్రం. తెచ్చినాయన దాన్ని మా వేమగల్ మేస్త్రి బల్లమీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. మేస్త్రి స్క్రూడ్రైవర్ అందుకోలేదు. కండ్లజోడు సర్దుకొని ముందుపక్కంతా చూశారు, వెనకపక్కంతా చూశారు. తన సీరీస్ బోర్డుకు ప్లగ్గు తగిలించి స్విచ్చి వేశారు. బోర్డు మీది బల్బు భగ్గుమని వెలిగి, మెల్లగా మసకబారింది. ఆయన ముఖంలో చిన్న నవ్వు. ‘టేప్ మానిటర్’ అని రాసివున్న బొత్తాన్ని ఒక్కసారి నొక్కి పైకి వదిలారు. పాట వచ్చింది.

“సెట్టు బాగానే ఉండాదన్నా. పాటను టేపు దావకు మళ్ళించి, ఆడ టేపే లేకుండా పెట్టిండారు, అంతే” అన్నారు. ఎంత ఇవ్వాలని అడిగితే, “బొత్తాం నొక్కినదానికి దుడ్డేందన్నా!” అని ప్లగ్గు పీకి చేతికిచ్చారు.

నేను అప్పటినుంచీ ఆయన బల్ల పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటున్నాను. ఎన్నో ఏండ్లుగా చూస్తున్నా తనివి తీరలేదు. పాత రిసీవర్ను బాగుచేయడం మహావిద్య అని ఎవరి ముందైనా చెప్తాను. ఆ విద్యలో సగం ఏది మార్చాలో తెలియడం. మిగిలిన సగం, ఇంకా కష్టమైన సగం, దేన్ని ముట్టుకోకూడదో తెలియడం.

ఈ పెట్టె ఎంతమంది మేధావుల పుణ్యమో రెండు మాటల్లో చెప్తాను. 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ రెండు చెవులకు రెండు దారుల్లో పాట వినిపించే స్టీరియోకు పేటెంటు రాయించాడు. 1933లో అమెరికాలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్‌ఎం పేటెంట్లు పొందాడు. 1961లో ఎఫ్‌ఎం మీద స్టీరియో ప్రసారాలు మొదలయ్యాయి. రేడియో, ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయరుకు కావలసిన ఫోనో విభాగం, ఈ మూడింటినీ ఒకే పెట్టెలో అమర్చితే అది రిసీవర్. మన దేశంలో 1970లో కలకత్తాలో సోనోడైన్ పుట్టింది, బొంబాయి నుంచి కాస్మిక్ సెట్లు వచ్చాయి. మదనపల్లి, రాయచోటి పక్కనుంచి కువైట్ పోయినవాళ్ళు జపాన్ సెట్లు మోసుకొచ్చారు. కరెంటు మాటకొస్తే మా కోలారు జిల్లా ఎవరికీ తీసిపోదు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు మొదట వచ్చింది కోలారు బంగారు గనులకే. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో.

ఇక మూత తీయాల్సిన సెట్టు విషయంలో మేస్త్రి పనితీరు. సెట్టు రాగానే కరెంటు ఇవ్వరు. ముందు వెనకపలక మీద ఎన్ని వోల్టులని రాసుందో చూస్తారు. అమెరికా నుంచి కొడుకో అల్లుడో పంపిన సెట్టు 120 వోల్టులది, జపానువాళ్ళు తమ దేశంలో వాడుకోడానికి చేసుకున్నది 100 వోల్టులది. తెలియక 230లో పెడితే 40 ఏండ్లు బతికిన ట్రాన్స్‌ఫార్మర్ కొన్ని నిమిషాల్లో కాలిపోతుంది. ఆ తర్వాత మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు. కాలిన వార్నిషు వాసన వేరు, కారిపోయిన కండెన్సర్ వాసన వేరు. ఫ్యూజును వెలుగుకు ఎత్తి చూస్తారు. గాజు తేటగా ఉండి లోపలి తీగ మాత్రం తెగివుంటే అది భారం మోసి అలసింది. గాజు నల్లగా మసిబారి ఉంటే లోపల ఎక్కడో నేరుగా షార్టయింది. అక్కడ కొత్త ఫ్యూజు వేసి స్విచ్చి వేసేవాడు మేస్త్రి కాడు. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టేవాడు మనిషే కాడు.

సీరీస్ బోర్డు ఆయన సృష్టి కాదు, దేశంలోని రేడియో మేస్త్రీలందరి ఉమ్మడి ఆస్తి. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును సెట్టుతో వరసగా కలుపుతారు. సెట్టులో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు ఆ బల్బును దాటి పెద్దగా పోలేదు కాబట్టి సెట్టు కాలదు. సెట్టు ఆరోగ్యంగా ఉంటే లోపలి పెద్ద కండెన్సర్లు నిండేవరకు ఒక్కసారి వెలిగి సన్నగిల్లుతుంది. ఒక హోల్డరు, ఒక బల్బు, రెండు మూరల వైరు, ఇంతే సరంజామా. లక్షలు పోసినా దొరకని సెట్లను ఇంతటి చిన్న బల్బు కాపాడింది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. అందుకే ఆయన పాత బల్బులను గుడ్డల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్నారు.

బల్బు మసకబారాక కూడా స్పీకర్లు తగిలించరు. ముందు స్పీకరు టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటరు పెట్టి డీసీ చూస్తారు. అక్కడ ఉండాల్సింది సున్నా. 50 మిల్లీవోల్టుల లోపల ఉంటే సరే, 20 లోపల ఉంటే ఆయన తల ఊపుతారు. ఒక పవర్ ట్రాన్సిస్టర్ షార్టయిన సెట్టులో అక్కడ 30, 40 వోల్టుల డీసీ నిలబడుతుంది. అది తగిలితే స్పీకరు కాయిల్ కాలి బూడిదవుతుంది. చాలా సెట్లలో స్విచ్చి వేసిన కొన్ని సెకన్లకు ‘టక్’మని ఒక రిలే మోగుతుంది. లోపల అంతా సవ్యంగా ఉందని సెట్టే స్పీకర్లకు తలుపు తెరిచిన చప్పుడు అది. ఆ ‘టక్’ రాకపోతే కోపగించుకొని రిలేను దాటించి వైరు కలిపేవాళ్ళు ఉన్నారు. కాపలావాణ్ణి చంపి ఇల్లు కాపాడామనుకోవడమే అది.

తరవాతది నాకు పూజలాగా కనిపించే పని. సెట్టును పావుగంట వేడెక్కనిచ్చి, పవర్ ట్రాన్సిస్టర్ల పక్కనున్న చిన్న రెసిస్టర్ మీద మీటరు పెడతారు. రెసిస్టర్ 0.47 ఓమ్ అయితే, 15 మిల్లీవోల్టులు చూపిస్తే, పాట లేనప్పుడు కూడా 32 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. ఎంత పారాలో ఆ కంపెనీ సర్వీసు మాన్యువల్ చెప్తుంది. తక్కువైతే సన్నని స్వరాలు గీసుకుపోతాయి, ఎక్కువైతే హీట్ సింక్ చేయి పెట్టలేనంత కాలుతుంది. చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ పది నిమిషాలు ఆగి, మళ్ళీ చూస్తారు. ఆయన అంత ఓపికగా ఉన్నప్పుడు నేను ఊపిరి కూడా గట్టిగా పీల్చను.

చెవితోనే జబ్బు కనిపెట్టడం ఆయన మరో గొప్పతనం. స్పీకర్లో గుమ్మనే మోత వస్తే కండ్లు మూసుకొని వింటారు. “ఇది లావు గొంతు, 50. ఎర్తు దగ్గర చూడప్పా” అంటారు. లేదా, “ఇది 100, ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిండాది” అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ దాటాక మిగిలే మోత దానికి రెండింతలు. సంగీతం నేర్చినవాళ్ళు శ్రుతి పట్టినట్టు ఈయన జబ్బును పడతారు. ఒకసారి అమెరికా సెట్టులో ఎఫ్‌ఎం మబ్బుపట్టినట్టు మోగుతుందని ఎవరో తెచ్చారు. అమెరికాలో పై స్వరాలను తగ్గించే లెక్క 75 మైక్రోసెకన్లు, మన దేశంలో 50. ఆయన చెరొక ఛానెల్‌కు ఒకటి చొప్పున రెండే చిన్న కండెన్సర్లు తీసి, వాటి విలువలో మూడింట రెండొంతులున్నవి వేశారు. చిడతల చప్పుడు, గజ్జెల చప్పుడు తేటగా బయటికొచ్చాయి. ఆ పూట టీ నేనే తెప్పించాను.

కండెన్సర్ల సంగతిలో నాకు పక్షపాతం ఉంది, దాచను. ఈమధ్య కొందరు సెట్టు రాగానే ఉన్న కండెన్సర్లన్నీ పీకి కొత్తవి కుచ్చి, ‘ఫుల్ సర్వీస్’ అని బిల్లు రాస్తున్నారు. మా మేస్త్రి అట్లా చేయరు. ఎండిపోయేవి ఎలక్ట్రోలైటిక్ రకం. వాటిని మీటరుతో కొలిచి, ఉబ్బినవి, కారినవి, కొలతలో చెడినవి మార్చి, 85 డిగ్రీలవాటి చోట 105 డిగ్రీలవి వేస్తారు. ఫిల్మ్, సిరామిక్ కండెన్సర్ల జోలికి ఊరకే పోరు. బోర్డు మీద గోధుమరంగుకు తిరిగిన పాత జిగురును మాత్రం గోకి తీస్తారు, అది తీగలను తినేస్తుంది కాబట్టి. సోల్డర్ విడిన చోటును ప్లాస్టిక్ పుల్లతో తట్టి కనిపెట్టి, ఒక్క చుక్క పెడతారు. అది మల్లెమొగ్గలాగా మెరుస్తుంది. డయలు దారం తెగితే ట్యూనింగ్ ఇరుసు చుట్టూ లెక్కగా చుట్లు వేసి, స్ప్రింగు బిగించి, ముల్లును బెంగళూరు రేడియో సిటీ 91.1 మీద సరిగ్గా నిలబెడతారు. 2001 ఫిబ్రవరిలో కోలారు బంగారు గనులు మూతపడ్డాయి, జులైలో ఆ స్టేషను మొదలైంది. మా జిల్లాకు బంగారం పోయిన ఏడే, మన దేశపు మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం పక్క ఊళ్ళో పాడింది. అంతకుముందు రాత్రిపూట మీడియం వేవ్‌లో ముల్లును 900 దగ్గర పెట్టి కడప కేంద్రం వినేవాళ్ళం.

నా కడుపు మండేది ఇక్కడినుంచి. మొదటి మంట దొంగ సరుకు. 2ఎన్3055 అనే ట్రాన్సిస్టర్ 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు మోయాలి. మేస్త్రి కాలిపోయిన ఒకదాని ఇనుప టోపీని ఆకురాయితో రాచి తెరిచి చూపించారు. పైన పేరు పెద్దది, లోపల సిలికాన్ ముక్క ఆవగింజంత. పాత పేరు చెరిపి కొత్త పేరు అచ్చేసిన ఎస్‌టీకే ఆంప్లిఫయర్ మాడ్యూళ్ళు కూడా అంతే. కొన్నవాడి దుడ్డూ పోతుంది, దానితోపాటు స్పీకరూ పోతుంది.

రెండో మంట వాట్ల అబద్ధం. అమెరికాలో 1974 నాటికే, అమ్మేవాడు ఆంప్లిఫయర్ నిజంగా ఎడతెగకుండా ఎన్ని వాట్లు ఇస్తుందో చెప్పాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ కాలంలోనే 1978లో పయనీర్ ఎస్‌ఎక్స్-1980 ఒక్కో ఛానెల్‌కు 270 వాట్లు అని రాసి, అన్నీ ఇచ్చి చూపించింది. ఈరోజు సంతలో అట్ట డబ్బా మీద ‘5000 వాట్లు పీఎంపీఓ’ అని రాసుంటుంది. లోపల ఒక 4440 ఐసీ, గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మర్. చేత్తో ఎత్తి చూస్తే చాలు, బరువే సాక్ష్యం.

మూడోదాన్ని తలుచుకుంటే కోపం కాదు, దుఃఖం వస్తుంది. మంచి సాన్సుయి సెట్టు (నేను సాన్సుయి పక్షం, ఆ గొంతులోని నిండుదనం నాకు ఇంకెక్కడా దొరకలేదు) ఒకటి ఈమధ్య బల్లమీదికి వచ్చింది. ముందుపలక అదే, బొత్తాలు అవే. మూత తీస్తే లోపల ఖాళీ. బోర్డులన్నీ పీకి పారేసి, అరచేయంత బ్లూటూత్ బోర్డు ఒకటి బంకతో అంటించారు. మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. “దీన్ని నేనేం చేసేదప్పా, ఈడ ఎవురూ లేరే” అన్నారు. బ్లూటూత్ కావాలంటే దాని పెట్టె వేరే ఉంది. వెనకనున్న ఆక్స్ సాకెట్‌లో దాని వైరు దూర్చితే సరిపోయేది, సెట్టు బతికేది. ఇంకొన్ని సెట్లు నేరుగా గుజరీకి పోతున్నాయి, రాగికి ట్రాన్స్‌ఫార్మర్, అల్యూమినియానికి హీట్ సింక్ అని తూకం వేసి ముక్కలు చేయడానికి.

మా వేమగల్, నరసాపురం చుట్టూ ఇప్పుడు ఫ్యాక్టరీలు లేచాయి. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు షిఫ్టుల్లో పనికి పోతున్నారు. వాళ్ళ చేతులు మంచివి, కండ్లు చురుకైనవి. ఆదివారం రెండు గంటలు ఇట్లాంటి మేస్త్రి పక్కన కూర్చుంటే చాలు, ఏ బోర్డైనా వాళ్ళకు మాట్లాడుతుంది. ఆ వయసులో నేనూ కూర్చోలేదని ఇప్పుడు బాధపడుతున్నాను.

మీ ఇంట్లో మేడమీదో అటకమీదో నాయన తెచ్చిన సెట్టు ఉంటే, దయచేసి దాన్ని గోడ ప్లగ్గులో పెట్టకండి, గుజరీకి వేయకండి. సెట్టును ముట్టుకోకముందు సీరీస్ బల్బు వెతికే మేస్త్రి ఎక్కడున్నాడో కనుక్కోండి. ఆయన ఏం మార్చారో అడగండి, ఏం మార్చలేదో కూడా అడగండి. వినడానికి పిల్లలను వెంట తీసుకుపోండి.