ఫిర్యాదు తలుపు ఎక్కడుంది? వలస చట్టాలు, కొత్త నేర చట్టాలపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• 1983 ఎమిగ్రేషన్ చట్టంలోని బలాన్ని, బలహీనతను విడివిడిగా గుర్తించగలుగుతారు.
• 2024 జూలై 1న అమలులోకి వచ్చిన నేర చట్టాలు వలస కార్మికుడికి ఏ మేరకు ఉపయోగపడతాయో వివరించగలుగుతారు.
• ఒక చట్టాన్ని శిక్షల పరిమాణంతో మాత్రమే కాక, బాధితుడికి అది ఎంత అందుబాటులో ఉందో చూసి అంచనా వేయగలుగుతారు.

6.1 పరిచయం

ఇంతకు ముందు భాగాలలో మీరు వివిధ చట్టాల సెక్షన్లను, వాటి ఉద్దేశాలను చదివారు. ఈ భాగంలో వాటిని అంచనా వేద్దాం. ఒక చట్టం గురించి వినగానే మనం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న: శిక్ష ఎంత? శిక్ష పెద్దదైతే చట్టం గట్టిదని, చిన్నదైతే బలహీనమైనదని అనుకుంటాం. ఈ కొలత సరిపోదన్నదే ఇక్కడి వాదన. నష్టపోయిన మనిషి మొదటి ఫిర్యాదును ఎక్కడ ఇవ్వగలడు, అందుకు ఎవరి అనుమతి కావాలి, ఎంత దూరం పోవాలి అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు గాలిలో వేసుకుంటే ప్రయోజనం లేదు. కనుక ఒక చోటును ఎంచుకుందాం. కామారెడ్డి జిల్లాలోని బిచ్కుంద మండలం 2016 అక్టోబరు 11కు ముందు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు రెండూ దగ్గరే. ఇప్పుడు ఈ ఊహాత్మక సమస్యను చూడండి.

బిచ్కుంద మండలంలో తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన ఒక యువకుడు ఉన్నాడు. సరిహద్దు అవతల, మహారాష్ట్రలోని దెగ్లూర్‌లో ఉండే ఒక మధ్యవర్తి, దుబాయిలో పని ఉందని అతనికి వాట్సాప్‌లో చెప్పాడు. కుటుంబం మిత్తికి తెచ్చి లక్షన్నర రూపాయలు ఫోన్ ద్వారా పంపింది. చేతికి వచ్చింది విజిట్ వీసా. అక్కడికి పోయాక చెప్పిన పని లేదు, చెప్పిన జీతం లేదు. పాస్‌పోర్టు యజమాని తీసుకున్నాడు. వీసా గడువు ముగిసింది. గల్ఫ్‌లో మనవాళ్లు ‘కల్లివెల్లి’ అని పిలుచుకునే స్థితికి అతను చేరాడు. ఊర్లో ఉన్న తల్లి ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ భాగం పొడవునా ఆ తల్లి ప్రశ్నతోనే చట్టాలను పరీక్షిద్దాం.

6.2 ఎమిగ్రేషన్ చట్టం, 1983

1922 నాటి వలస చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 1983 డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. దీని పదో సెక్షన్ ప్రకారం నమోదు పత్రం లేకుండా ఎవరూ రిక్రూటింగ్ ఏజెంటుగా వ్యవహరించరాదు. ఊర్లలో తిరిగే ఉప ఏజెంట్లకు చట్టంలో గుర్తింపు లేదు. నమోదైన ఏజెంటు కూడా అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంటే మన ఉదాహరణలోని మధ్యవర్తి రెండు విధాలుగా చట్టాన్ని ఉల్లంఘించాడు.

పదో తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. ఈ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి అనుమతి పొందాలి. ఈ అనుమతి ఉద్దేశం మంచిదే. పని ఒప్పందాన్ని, జీతాన్ని ఒక అధికారి ముందే చూస్తాడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. కానీ విజిట్ వీసా మీద పోయేవాడు పనికి పోతున్నట్లు కాగితం మీద ఉండదు. కనుక అనుమతి అవసరం రాదు, బీమా రాదు, ఒప్పందం ఎవరూ చూడరు. ఎవరికి రక్షణ ఎక్కువ అవసరమో వారినే ఏజెంటు సులభంగా ఈ ఏర్పాటు బయటికి తీసుకుపోగలుగుతున్నాడు.

ఇక శిక్ష. 24వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. లక్షన్నర వసూలు చేసినవాడికి 2,000 రూపాయల జరిమానా ఒక ఖర్చే కాదు. చాలా విమర్శలు ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. మీరు ఇంకొన్ని సెక్షన్లు ముందుకు చదవండి.

26వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింది నేరాలు కాగ్నిజబుల్ నేరాలు. అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చు. వెంటనే వచ్చే 27వ సెక్షన్ మాత్రం కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ జరపరాదంటుంది. ఠాణాలో కేసు నమోదై, దర్యాప్తు పూర్తయినా, కాగితం అనుమతి కోసం ఆగవలసి వస్తుంది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

అయితే 27వ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. వలస పోయినవారు లేదా పోదలచినవారు స్వయంగా ఫిర్యాదు దాఖలు చేస్తే ఈ అనుమతి అక్కర లేదు. వారి తరఫున తండ్రి, తల్లి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సంరక్షకులు దాఖలు చేసినా అక్కర లేదు. మన ఉదాహరణలోని తల్లికి ఈ చట్టంలో నేరుగా చోటు ఉంది. 1983 చట్టంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదేనని చెప్పవచ్చు. పత్రికా చర్చల్లో, అవగాహన సదస్సుల్లో తక్కువగా వినిపించే వాక్యం కూడా ఇదే.

అనుమతి నిబంధనను సమర్థించేవారి వాదన కూడా వినాలి. కక్షతో పెట్టే కేసుల నుంచి నిజాయితీ గల ఏజెంట్లను కాపాడటానికి అది అవసరమని వారంటారు. ఆ భయంలో కొంత నిజం ఉండవచ్చు. కానీ మోసం కేసుల్లో ఎవరికీ ఇవ్వని ఈ ముందస్తు వడపోత ఈ ఒక్క వ్యాపారానికే ఎందుకు అన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు లేదు.

6.3 కొత్త నేర చట్టాలు

భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్నాయి. పాత ఐపీసీ 420కి బదులు ఇప్పుడు న్యాయ సంహితలో 318(4) ఉంది. శిక్ష ఏడేళ్ల వరకు. మనుషుల అక్రమ రవాణాకు 143వ సెక్షన్ ఉంది. ఏడేళ్లకు తగ్గకుండా, పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష. ఒకరికంటే ఎక్కువ మందిని రవాణా చేస్తే పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం వరకు. బాధితుడు ఒప్పుకొనే పోయాడన్న వాదన ఇక్కడ చెల్లదు. అయితే ప్రతి వీసా మోసమూ అక్రమ రవాణా కాదు. దోపిడీకి గురిచేసే ఉద్దేశాన్ని కూడా రుజువు చేయాలి.

శిక్షలకన్నా మన తల్లికి ఎక్కువగా పనికొచ్చేవి విధాన నిబంధనలు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపవచ్చు. అలా పంపితే మూడు రోజులలోగా సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు తెలపాలి.

“ఏజెంటు మహారాష్ట్రలో ఉన్నాడు, అక్కడికే పోండి” అన్న మాట సరిహద్దు మండలాల్లో వినడం వింత కాదు. 202వ సెక్షన్ దీనికి జవాబు. మోసం ఫోన్ సందేశాల ద్వారా జరిగితే, సందేశం పంపిన చోటి కోర్టుకే కాదు, అందుకున్న చోటి కోర్టుకూ విచారణాధికారం ఉంటుంది. సందేశం బిచ్కుందలో అందింది. డబ్బు బిచ్కుంద నుంచి పోయింది. కనుక కేసు ఇక్కడ నడవవచ్చు. ఈ సూత్రం పాత సీఆర్‌పీసీలోనూ ఉండేది. కొత్త సంహిత ఎలక్ట్రానిక్ సమాచారాన్ని స్పష్టంగా చేర్చింది.

విదేశంలో జరిగిన నేరం దగ్గరికి వచ్చేసరికి తలుపు మళ్లీ ఇరుకవుతుంది. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరంపై ఇక్కడ విచారణ జరపాలంటే 208వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బోట్స్వానాలో భర్త వేధించాడని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక భార్య పెట్టిన కేసులో 2011లో సుప్రీంకోర్టు పాత 188వ సెక్షన్‌ను వివరించింది. కేసును విచారణకు స్వీకరించే దశ వరకు అనుమతి అవసరం లేదని, ఆ దశ దాటి ముందుకు పోవడానికి అవసరమని తేల్చింది. ఇండియాలో జరిగిన నేర భాగానికి ఆ అనుమతితో పని లేదు. అందువల్ల ఫిర్యాదు రాసేటప్పుడు రెండు విషయాలను విడదీయాలి: ఇక్కడ జరిగిన మోసం, అక్కడ జరిగిన పీడన. రెండూ కలిపి రాసి, మొదటిదాన్ని రెండోదాని కింద పూడ్చివేయడం ఫిర్యాదుల్లో జరిగే పెద్ద పొరపాటు.

6.4 లోపలికి వచ్చేవారు, బయటికి పోయేవారు

2025 సెప్టెంబరు 1న ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం, 2025 అమలులోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాలను ఇది రద్దు చేసింది. నకిలీ పాస్‌పోర్టు లేదా వీసా వాడిన విదేశీయుడికి రెండు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. ఇవి ఒకే రకమైన నేరాలు కావు కనుక అంకెలను నేరుగా పోల్చడం న్యాయం కాదు. కానీ ఒక విషయం తెలుస్తుంది. దేశంలోకి వచ్చేవారిని నియంత్రించే చట్టం 2025 నాటి విలువలకు సరిపడా మారింది. దేశం నుంచి పోయే కూలీని మోసం చేసినవాడి జరిమానా 1983 నాటి 2,000 దగ్గరే ఉంది.

మార్పు ప్రయత్నాలు లేకపోలేదు. 2021లో ఒక ముసాయిదా వచ్చింది. 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ (ఫెసిలిటేషన్ అండ్ వెల్ఫేర్) బిల్లు ముసాయిదాను విదేశాంగ శాఖ ప్రజాభిప్రాయానికి ఉంచింది. ఇలాంటి ముసాయిదా మీ చేతికి వచ్చినప్పుడు జరిమానా ఎంత పెరిగిందో చూడండి. కానీ అంతకు ముందు 27వ సెక్షన్‌లోని మినహాయింపు దానిలో మిగిలిందో లేదో వెతకండి. జరిమానా లక్షలకు పెరిగి, తల్లి నేరుగా ఫిర్యాదు చేసే హక్కు పోతే, ఆ చట్టం చూపుకు గట్టిది, వాడుకకు బలహీనమైనది.

జాబితా సమస్య కూడా ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ యువకులను డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో కంబోడియా, మయన్మార్, లావోస్ తీసుకుపోయి సైబర్ మోసాలు చేయించిన కేసులు బయటపడ్డాయి. ఈ మూడు దేశాలూ ఆ 18 దేశాల జాబితాలో లేవు. పైగా పోయినవారిలో చదువుకున్నవారే ఎక్కువ. పదో తరగతి పాసైతే మోసపోరన్న పాత ఊహ మీద కట్టిన రక్షణ వారిని తాకలేదు.

6.5 మానవ హక్కుల కొలత

రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిచాకిరిని నిషేధిస్తుంది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా నిర్బంధ శ్రమేనని చెప్పింది. ఆ సూత్రం సముద్రం దాటాక ఎంత మిగులుతుంది? 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు పోయేవారి కనీస రెఫరల్ వేతనాలను తగ్గించింది. దీనిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021లో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ప్రశ్నించినవారు ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

మరో ఉదాహరణ బాధాకరమైనది. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కార్మికులు ఒక నేపాలీ పౌరుడి హత్య కేసులో 2005 నుంచి దుబాయి జైలులో ఉన్నారు. మృతుడి కుటుంబానికి పరిహారం అందించి, క్షమాపత్రం తెచ్చినా, వారిలో ఎక్కువమంది ఇల్లు చేరింది 2024లోనే. అప్పటికి సుమారు 18 ఏళ్లు గడిచాయి. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం అరెస్టయిన విదేశీయుడికి తన దేశ కాన్సులేటును కలిసే హక్కు ఇస్తుంది. కానీ వకీలును, అనువాదకుణ్ణి ఏర్పాటు చేయడాన్ని 1983 చట్టం ప్రభుత్వ బాధ్యతగా చెప్పలేదు. వలస కార్మికుల హక్కులపై 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో భారత్ చేరలేదు, గల్ఫ్ దేశాలూ చేరలేదు. అందువల్ల హక్కుగా రావలసింది ఎవరో పట్టించుకుంటేనే వచ్చేదిగా మిగిలింది.

2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. ఇది మెచ్చుకోదగినదే. అయితే ఇది చావు తరువాత వచ్చే సాయం. బతికి ఉండగా వినే చెవి దీనితో ఏర్పడదు.

6.6 సారాంశం

మన ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ తల్లి ముందుగా బిచ్కుంద ఠాణాకే పోవచ్చు. మోసానికి న్యాయ సంహిత 318(4) కింద, నమోదు లేని ఏజెంటు పనికి ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్ల కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు. కోర్టులో ఫిర్యాదు ఆమే దాఖలు చేస్తే 27వ సెక్షన్ అనుమతి అడ్డం రాదు. వాట్సాప్ సందేశాలను, డబ్బు పంపిన రసీదులను చెరిపేయకుండా దాచాలి. కొడుకు విడుదల కోసం రాయబార కార్యాలయానికి వేరే విన్నపం పంపాలి.

చట్టంలో తలుపు ఉంది. అది ఉన్నట్టు ఆమెకు చెప్పే ఏర్పాటు చట్టంలో లేదు. ప్రొటెక్టర్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, మధ్యవర్తి మాత్రం ఆమె ఫోన్‌లోనే ఉన్నాడు. ఈ దూరం తగ్గనంత కాలం ఎన్ని కొత్త సంహితలు వచ్చినా ఫలితం సగమే. ఊర్లో చదువుకున్న మనిషిగా రేపు ఆ ఫిర్యాదు రాసిపెట్టమని మిమ్మల్నే అడగవచ్చు. ఈ సెక్షన్లను పరీక్ష కోసం మాత్రమే చదవకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎమిగ్రేషన్ చట్టం 27వ సెక్షన్‌లోని ప్రధాన నియమాన్ని, మినహాయింపును పోల్చి రాయండి.
2. బిచ్కుందలో సందేశం అందుకొని మోసపోయిన వ్యక్తి కేసు ఏ కోర్టులో నడవవచ్చు? కారణాలు తెలపండి.
3. “శిక్ష పెంచితే చాలు, మోసం తగ్గుతుంది.” ఈ అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.